గ్రాటిట్యూడ్ జర్నల్ రాయాలనుకునే బెంగళూరు తెలుగోళ్ల కోసం

జనవరి వచ్చిందంటే మన పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో), ఫ్లాట్లలో ఎవరో ఒకరు మంచి డైరీ కొనుక్కొస్తారు, ఈ ఏడాది రోజూ గ్రాటిట్యూడ్, అంటే కృతజ్ఞతగా అనిపించిన విషయాలు రాస్తా అని. మొదటి రోజు అమ్మ, నాన్న, ఉద్యోగం, ఆరోగ్యం అని రాస్తారు, రెండో రోజూ అవే, మూడో రోజు ఫ్రెండ్స్ అని ఇంకోటి కలుస్తుంది, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి ఆ డైరీ బట్టల కింద ఎక్కడో పడి ఉంటుంది. నాకు ఓపిక లేదు, డిసిప్లిన్ లేదు అని వాళ్లని వాళ్లే తిట్టుకుంటారు. నిజానికి అలా పేర్లు వరసపెట్టి రాస్తే ఎవరికైనా వారం తిరక్కుండానే విసుగొస్తుంది, ఎందుకంటే ఆ వరసలో ఇవాళ జరిగిన సంగతి ఒక్కటీ లేదు, నిన్నటి పేజీకి ఇవాళ్టి పేజీకి తేడా లేదు. కాబట్టి ఒక ఎంట్రీ ఎలా రాయాలి అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువ చెప్తా, నోట్‌బుక్కు, టైమూ లాంటివి గబగబా కానిచ్చేద్దాం.

ముందు ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్లని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుని ఆ వారంలో థ్యాంక్‌ఫుల్‌గా అనిపించిన విషయాలు ఐదు దాకా రాయమన్నారు, ఇంకో గుంపుని చిరాకు పెట్టినవి రాయమన్నారు, మూడో గుంపుని మామూలుగా ఏం జరిగిందో రాయమన్నారు. పది వారాలు నడిచింది ఇది. మొదటి గుంపువాళ్లు తమ జీవితం మొత్తం మీద కాస్త ఎక్కువ తృప్తిగా ఉన్నామని చెప్పారు, వచ్చే వారం బాగుంటుందన్న నమ్మకం వాళ్లకి ఎక్కువుంది, ఒంట్లో బాలేదు అన్న కంప్లయింట్లు తక్కువ, చిరాకులు రాసినవాళ్ల కంటే వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. తర్వాత 2005లో మార్టిన్ సెలిగ్మన్ వాళ్ల టీమ్ వారం రోజులు రోజూ రాత్రి మూడు మంచి విషయాలు, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో కారణంతో సహా రాయమంటే, ఆ వారం రాసినవాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా తేడా కనిపించింది, ముఖ్యంగా వారం అయిపోయినా తమంతట తామే రాస్తూ పోయినవాళ్లలో.

అట్లని దీన్ని మందు అనుకోవద్దు. 2020లో 27 స్టడీలు కలిపి చూస్తే డిప్రెషన్, యాంగ్జయిటీ లక్షణాల మీద దీని ప్రభావం చిన్నదే అని తేలింది. చిన్నదైనా ఉంది, ఖర్చు లేదు, పది నిమిషాల పని, అందుకే చెప్తున్నా. మందు వాడుతున్నవాళ్లు జర్నల్ రాస్తున్నాం కదా అని మందు ఆపడం మాత్రం అస్సలు చెయ్యొద్దు.

ఇక నోట్‌బుక్కు. ప్రతి పేజీలో తారీఖు ముందే అచ్చేసి ఉండే డైరీ కొనకండి ప్లీజ్. నాలుగు రోజులు రాయకపోతే ఆ నాలుగు ఖాళీ పేజీలు మొహం మీద కొట్టినట్టు కనిపిస్తాయి, ఇంక తెరవాలంటేనే మనసు రాదు. మామూలు స్కూల్ నోట్స్, వంద పేజీలది, తారీఖు మీరే వేసుకునేది చాలు. అవెన్యూ రోడ్డు వైపు ఎప్పుడైనా వెళ్తే అక్కడ స్టేషనరీ షాపుల్లో రకరకాలు దొరుకుతాయి, లేదంటే మీ వీధి చివర జెరాక్స్ షాపులో ఉన్నదే తీసుకోండి. ఫోన్‌లో రాయొచ్చా అంటే రాయొచ్చు, కానీ పడుకునే ముందు ఫోన్ తీశామంటే నోట్స్ యాప్ దాకా వెళ్లేలోపే ఇన్‌స్టా తెరుచుకుంటుంది, అందుకే నా ఓటు పేపర్‌కే. త్రీ షేరింగ్ పీజీలో ఉంటూ, ఎవరైనా తీసి చదువుతారన్న భయం ఉంటే మాత్రం లాక్ పెట్టుకునే యాప్‌లో రాయండి, లేదా వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకోండి. భయపడుతూ రాస్తే నిజం రాయలేరు, నిజం రాయనప్పుడు ఇదంతా ఎందుకు.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని కూడా అడుగుతుంటారు. ఎలా వస్తే అలా. కానీ ఎవరైనా అన్న మాట రాసేటప్పుడు వాళ్లు ఎలా అన్నారో అలాగే రాయండి, కన్నడలో అంటే కన్నడలోనే, అమ్మ యాసలో అంటే ఆ యాసలోనే. ఆరు నెలల తర్వాత చదివితే ఆ మనిషి గొంతు వినపడాలి మీకు. స్పెల్లింగ్ ఎవరూ చూడరు.

టైమ్ విషయానికొస్తే ఎక్కువమందికి రాత్రే కుదురుతుంది. యూఎస్ షిఫ్ట్ వాళ్లకి క్యాబ్ దింపాక తెల్లవారుజామున, పడుకునే ముందు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లకి 2025 ఆగస్టు నుంచి యెల్లో లైన్ ఉంది కాబట్టి సీటు దొరికిన రోజు మెట్రోలోనే చిన్న పుస్తకంలో రాసేసుకోవచ్చు, మారతహళ్లి, బెళ్లందూరు వైపు 500డి బస్సులో నిలబడి వచ్చేవాళ్లకి అది కుదరదు, వాయిస్ నోట్ పెట్టుకుని ఇంటికొచ్చాక రాసుకోండి. ఏదో ఒక పాత అలవాటు వెనకాలే దీన్ని తగిలించండి, పళ్లు తోముకున్నాక, అలారం పెట్టుకున్నాక, ఇలా. సపరేట్‌గా టైమ్ తీద్దాం అనుకుంటే బెంగళూరులో టైమ్ ఎప్పటికీ దొరకదు.

రాత్రి రాసేవాళ్లకి ఒక చిన్న చిట్కా, నాకు చాలా పనికొచ్చింది ఇది. బుర్రలో రేపటి స్టాండప్ మీటింగ్, అద్దె కట్టాలి, గ్యాస్ బుక్ చెయ్యాలి, మేనేజర్‌కి మెయిల్ అని తిరుగుతుంటే ఏం కృతజ్ఞత రాస్తాం చెప్పండి. అందుకే ముందు పుస్తకం చివరి పేజీ తిప్పి రేపు చెయ్యాల్సినవన్నీ అక్కడ రాసేయండి, ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. 2018లో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మందిని స్లీప్ ల్యాబ్‌లో పడుకోబెట్టి చూశారు, పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. వెనక పేజీలో ఆ బరువు దించేసి, అప్పుడు ముందు వైపుకి వచ్చి మంచి విషయం రాయండి.

రోజూ రాయాలా అంటే, నేనైతే మొదటి వారం రోజూ రాయమంటా, ఆ తర్వాత వారానికి ఒకటి రెండు సార్లు చాలు. ఇది బద్ధకస్తులకి ఇచ్చే డిస్కౌంట్ అనుకోకండి, సోనియా ల్యుబోమిర్‌స్కీ అనే సైకాలజిస్టు ఆరు వారాలు చేయించి చూస్తే వారానికి ఒక్కసారి రాసినవాళ్లకి సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకి పెరగలేదు. రోజూ అదే పని చేస్తుంటే మనసు దానికి అలవాటు పడిపోయి చెయ్యి మాత్రమే కదులుతుంది. మొదటి వారం రోజూ ఎందుకంటే అప్పుడే కన్ను మారుతుంది, పొద్దున్నుంచే ఆహా ఇది రాత్రి రాయొచ్చు అని గమనించడం మొదలవుతుంది, ఆ గమనించడం అలవాటయ్యాక ఆదివారం సాయంత్రం ఒక్కసారి కూర్చున్నా చాలు. మధ్యలో ఆగిపోతే మిస్సయినవన్నీ గుర్తు తెచ్చుకుని నింపొద్దు, ఇవాళ్టి తారీఖు వేసి మొదలుపెట్టేయండి.

ఇప్పుడు అసలు విషయం, ఎంట్రీ.

"ఈ రోజు డిన్నర్ బాగుంది. థ్యాంక్‌ఫుల్." ఇలా రాస్తాం మామూలుగా. తప్పేం లేదు, కానీ రేపు చదివితే ఏ డిన్నరో కూడా గుర్తుండదు. అదే రోజుని ఇలా రాయొచ్చు: "పీజీకి వచ్చేసరికి పదయింది, కిచెన్ లైట్ ఆఫ్. సర్లే బిస్కెట్లు తిని పడుకుందాం అనుకున్నా. ఫ్రిజ్ మీద నా స్టీలు డబ్బా ఉంది, మూత మీద ప్లేటు బోర్లించి. లోపల అన్నం, టమోటా పప్పు, పక్కన రెండు అప్పడాలు మెత్తబడకుండా కవర్లో. వంట చేసే అక్క వెళ్లేటప్పుడు తీసిపెట్టింది. పొద్దున నేను వాళ్ల పాపకి లెక్కల్లో డౌట్ చెప్పాను, దానికోసం కాదేమో, ఆమె అందరికీ ఇట్లానే చేస్తుంది. ఆమె ఇక్కణ్ణించి వెళ్లి ఇంట్లో మళ్లీ వంట చెయ్యాలి. అంత తొందరలో కూడా అప్పడాలు విడిగా పెట్టాలని తోచింది ఆమెకి."

చూశారా, ఒకే ఒక్క విషయం, కానీ మనిషి కనిపిస్తోంది, ఆమె పని కనిపిస్తోంది. ఐదు విషయాలు ఐదు ముక్కల్లో రాసేకన్నా ఇలాంటిది ఒకటి రాయండి. దీని వెనక నాలుగు ప్రశ్నలున్నాయి: సరిగ్గా ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఎందుకు జరిగింది, దానికోసం వాళ్లు ఏం వదులుకున్నారు. నాలుగోది చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం అదే ముఖ్యం అనిపిస్తుంది. టైమ్, నిద్ర, డబ్బు, కాళ్ల నొప్పి, ఏదో ఒకటి అవతలివాళ్లు పెట్టే ఉంటారు, అది రాసేటప్పుడే మనలో నిజంగా ఏదో కదులుతుంది. ఎందుకు అన్న దానికి జవాబు ఒక్కోసారి మీరే అవుతారు, ఇంటర్వ్యూ బాగా చేశానంటే మూడు వారాలు కూర్చుని చదివాను కాబట్టి అని రాయండి, అది గొప్పలు చెప్పుకోవడం కాదు.

ఇంట్లోవాళ్ల గురించి రాయడం కష్టం, ఎందుకంటే వాళ్లు చేసేది రోజూ ఉండేదే. దానికి నేను చేసేది ఏంటంటే మనిషిని వదిలేసి వస్తువు పట్టుకుంటా. అమ్మ గురించి కాకుండా అమ్మ పంపిన పార్సిల్ గురించి. మన రాయలసీమ వైపు నుంచి రాత్రి బస్సులకి పార్సిళ్లు వేసి పంపుతుంటారు కదా, పొద్దున్నే మడివాళలోనో కలాసిపాళ్యలోనో వెళ్లి తీసుకుంటాం. ఒకసారి ఆ పెట్టెని తెరిచే ముందు రెండు నిమిషాలు చూడండి. నాది ఎలా ఉందంటే, అట్టపెట్టెకి నాలుగు వైపులా బ్రౌన్ టేపు, దాని మీద మళ్లీ పురికొస, ముడి మీద ముడి. నాన్న మార్కర్‌తో నా ఫోన్ నంబరు రెండు చోట్ల రాశాడు, ఒకటి చెరిగినా ఇంకోటి ఉంటుందని, తొమ్మిది అంకె కింద ఆయన ఎప్పుడూ వేసే ఆ కొక్కెంతో సహా. లోపల చెనక్కాయల పొడి, నువ్వుల పొడి, రెండూ విడివిడిగా రెండేసి కవర్లలో, నూనె పట్టకుండా చుట్టూ పాత పేపర్, ఒక మూల ఉప్పుమిరపకాయలు చిన్న డబ్బాలో. నేను అడిగింది ఒక్క చెనక్కాయల పొడే. మోకాలు నొప్పితో పొయ్యి దగ్గర నిలబడి వేయించింది అమ్మే కదా, రాత్రి బస్సు వచ్చేదాకా రోడ్డు మీద స్కూటర్ పక్కన నిలబడింది నాన్నే కదా. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు, పెట్టెని చూస్తే తెలుస్తుంది. ఆ రోజు ఎంట్రీ రెండు పేజీలు వచ్చింది.

మనుషులే కానక్కర్లేదు, ఊరు గురించి కూడా రాయొచ్చు. ఫిబ్రవరిలో రోడ్ల పక్కన టబెబుయా చెట్లు ఆకులన్నీ రాల్చి గులాబీ పూలతో నిండిపోతాయి, ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టి ఒక్క వానతో ఎండంతా దిగిపోతుంది, అవి రాయండి. నీళ్ల గురించి రాయండి. 2024 ఎండాకాలం ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం ఎదురుచూసి, బకెట్ నీళ్లతో సరిపెట్టుకున్న రోజులు. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల అవతల టి.కె. హళ్లి అనే ఊరి నుంచి పంపులతో ఎత్తి ఇంత ఎత్తున్న ఊరికి తెస్తారు, 2024 అక్టోబర్లో కావేరి నీళ్ల పథకం ఐదో స్టేజ్ మొదలయ్యాక ఊరి చుట్టుపక్కల చేరిన పల్లెలకి కూడా ఇస్తున్నారు. ఎవరి వల్ల జరిగింది అన్న ప్రశ్న ట్యాప్ దగ్గర వేసుకుంటే జవాబు రాత్రి డ్యూటీలో ఉన్న పంప్‌హౌస్ ఆపరేటర్ దాకా, వాల్వ్ తిప్పే వాటర్‌మన్ దాకా వెళ్తుంది. మనం చూడని మనుషులు ఎంతమంది మన రోజులో ఉన్నారో అప్పుడు తెలుస్తుంది.

రాయడానికి ఏం తోచని రోజు, లేదా అన్నీ మామూలుగా అనిపించే రోజు ఇంకో పద్ధతి ఉంది. మీ జీవితంలో ఒక మంచి విషయం తీసుకోండి, అది ఎన్ని రకాలుగా జరక్కుండా పోయి ఉండొచ్చో రాయండి. 2008లో మింక్యుంగ్ కూ, టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ వాళ్లు ఇది పరీక్షించి చూశారు, మంచి విషయం ఎలా జరిగిందో రాసినవాళ్ల కంటే, అది జరగకుండా ఎలా పోయి ఉండేదో రాసినవాళ్లకే మనసు ఎక్కువ తేలికపడింది. ఉదాహరణకి మీ బెస్ట్ ఫ్రెండ్‌ని తీసుకోండి. ఆ రోజు ఆమె వేరే పీజీ చూసుకుని ఉంటే, మీ రూమ్‌లో ఉన్న అమ్మాయి ఆ నెల ఖాళీ చెయ్యకపోయి ఉంటే, మొదటి రాత్రి కరెంటు పోయి మీరిద్దరూ టెర్రస్ మీదికి వెళ్లకపోయి ఉంటే. ఇలా నాలుగు లైన్లు రాసేసరికి పక్క మంచం మీద గురక పెడుతున్న ఆ మనిషి ఎంత అపురూపమో అర్థమవుతుంది. ఒకటే జాగ్రత్త, ఇది మంచి విషయాల మీదే చెయ్యండి, యాక్సిడెంట్లు, పోయినవాళ్ల గురించి అయితే-గియితే అని రాసుకుంటూ కూర్చుంటే మనసు ఇంకా పాడవుతుంది.

చెయ్యకూడనిది ఒకటుంది, దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పక్కవాడి కష్టంతో పోల్చుకుని రాయొద్దు. వాడికి లేఆఫ్ అయింది నాకు కాలేదు, దేవుడా థ్యాంక్స్, ఇది కృతజ్ఞత కాదు, భయం. దాని కింద రేపు నాకైతే అన్న ఆలోచన ఎప్పుడూ ఉంటుంది. పైగా ఆ మనిషి రేపు ఎదురైతే మొహంలోకి చూడలేం.

అలాగే మన ఇళ్లలో ఒక మాట ఉంటుంది, "నీకేం తక్కువ, మా కాలంలో అయితే" అని. ఏదైనా బాధ చెప్పుకోగానే వచ్చే మాట ఇది. గ్రాటిట్యూడ్ జర్నల్‌ని మీ మీద మీరే వాడుకునే అలాంటి మాటగా మార్చుకోకండి. జీతం రెండు నెలలుగా ఇవ్వకపోతే, టీమ్‌లో ఎవరైనా నీచంగా మాట్లాడితే, ఇంట్లో గొడవగా ఉంటే అది బాలేదు అనే రాయాలి, ఉద్యోగమైతే ఉంది కదా అని దాని మీద దుప్పటి కప్పొద్దు. అన్యాయం అన్యాయమే. ముందు ఆ బాధంతా రాసేయండి, ఎంత కోపమొస్తే అంత రాయండి. బాధల్ని పేపర్ మీద పెట్టడం మీద 1986 నుంచీ జేమ్స్ పెన్‌బేకర్ అనే సైకాలజిస్టు పని చేశారు, వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, మనసులో ఉన్నదంతా దాచకుండా రాయడం ఆయన పద్ధతి. రాసేటప్పుడు ఏడుపొస్తుంది, రానివ్వండి. ఆ తర్వాత నిజంగా ఏదైనా మంచిది గుర్తొస్తే ఒక్క లైన్ రాయండి, ఆ గొడవ రోజు ఎవరు పక్కన కూర్చున్నారో, ఎవరు టీ తెచ్చిచ్చారో. ఏమీ గుర్తు రాకపోతే పుస్తకం మూసేసి పడుకోండి, ఆ పేజీ అలా ఉండటమే కరెక్టు.

ఇంట్లో ఎవరైనా పోయి కొన్నాళ్లే అయినవాళ్లు దీన్ని ఇప్పుడే మొదలుపెట్టాలని లేదు. ఆ మనిషి గురించి గుర్తున్నవి రాసుకోండి చాలు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మీద, పని మీద అస్సలు మనసు పోకపోయినా, బతకాలనిపించకపోయినా జర్నల్ పక్కన పెట్టి మనిషితో మాట్లాడండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, దేశంలో అంత పెద్ద మానసిక ఆరోగ్య సంస్థ మన ఊళ్లోనే ఉంది, అక్కడికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక్కళ్లే వెళ్లలేకపోతే రూమ్మేట్‌ని తోడు తీసుకెళ్లండి.

ఇంక రాసింది ఆ మనిషికి చెప్పడం. ఇది చెయ్యకపోయినా జర్నల్ జర్నలే, కానీ చేస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. 2005లో సెలిగ్మన్ వాళ్లు దీన్ని కూడా చూశారు, ఎప్పుడూ సరిగ్గా థ్యాంక్స్ చెప్పని ఒక మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి చదివి వినిపించడం. వాళ్లు పరీక్షించిన వాటిల్లో వెంటనే ఎక్కువ సంతోషం తెచ్చింది అదే, అయితే అది ఒక నెల దాకానే నిలిచింది, అందుకే అప్పుడప్పుడూ చేస్తుండాలి. మనకి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. అమ్మానాన్నలకి థ్యాంక్స్ అంటే "ఏంది కొత్తగా, డబ్బులేమైనా కావాలా" అంటారు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు ఇదే తేల్చారు, ఉత్తరం రాసేవాళ్లు అవతలివాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుందేమో అని ఎక్కువ భయపడతారు, వాళ్లకి ఎంత ఆనందం కలుగుతుందో తక్కువ అంచనా వేస్తారు.

మన ఇళ్లలో ఇది ఎలా చెయ్యాలంటే, థ్యాంక్స్ అన్న మాట అక్కర్లేదు, మీ ఎంట్రీలో ఉన్న వివరం చెప్పండి చాలు. ఫోన్లో మామూలు కబుర్ల మధ్యలో ఇలా:

"నాన్నా, ఇంటర్‌లో ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు రోజూ సర్కిల్ దగ్గర నిలబడేవాడివి కదా, వానొచ్చినా."

"ఆ, అయితే ఏంటమ్మా?"

"ఏం లేదు, ఇవాళ గుర్తొచ్చింది. ఆ రోడ్డు చీకటిగా ఉన్నా నాకెప్పుడూ భయమేసేది కాదు, నువ్వుంటావని."

అటువైపు కాసేపు ఏమీ వినపడదు. తర్వాత "సర్లే, తిన్నావా?" అంటాడు. అదే జవాబు. దాన్ని సాగదీయకుండా తిన్నా నాన్నా అని చెప్పేయండి. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, మీ నాయన ఇవాళ అందరికీ అదే చెప్తున్నాడు అంటే ఆశ్చర్యపోకండి.

బయటివాళ్లకి కూడా చెప్పండి. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకి, చెత్త తీసుకెళ్లే పౌరకార్మికులకి, వాళ్లు చేసిన పని పేరు పెట్టి చెప్పండి, "నిన్నె మళెయల్లూ బందిద్రల్లా అక్కా, తుంబా థ్యాంక్స్" (నిన్న వానలో కూడా వచ్చారు కదా అక్కా, చాలా థ్యాంక్స్) అని వచ్చీరాని కన్నడలో అయినా సరే. ఇంట్లో పనిచేసే అక్క గురించి జర్నల్లో పేజీలు నింపి, ఆమె ఒక్క రోజు లీవ్ అడిగితే జీతం కోసేవాళ్లని చూశాను, దయచేసి అలా చెయ్యకండి. ఆమెకి వారానికో సెలవు, టైమ్‌కి జీతం, పండక్కి బోనస్ ఇవ్వండి, మీరు రాసుకున్న దానికి అప్పుడే విలువ.

పిల్లలున్న ఇంట్లో రాయించడం కంటే చెప్పించడం తేలిక. ఆదివారం భోజనాల దగ్గర ఒక్కొక్కరు ఒకటి చెప్పాలి, పెద్దవాళ్లు ముందు. పిల్లాడు మా ఫ్రెండ్ వాడి రబ్బరు ఇచ్చాడు అంటే అదే చాలు, అది కాదు నాన్నా ఇంకా మంచిది చెప్పు అని సరిదిద్దొద్దు. చెప్పను అంటే వదిలేయండి.

ఇక చివరిగా, పుస్తకం నిండాక ఏం చెయ్యాలి. మూడు నాలుగు నెలలకోసారి ఒక ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవండి, పెన్సిల్ చేతిలో ఉంచుకుని. కనిపించిన మనుషుల పేర్ల కింద గీత గీస్తూ పోండి. ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే మీ రోజులు ఎవరి భుజాల మీద నడుస్తున్నాయో తెలుస్తుంది, వాళ్లకి మీరు తిరిగి ఏం చేస్తున్నారో కూడా అప్పుడే ఆలోచించుకోవచ్చు. తర్వాత అసలు రాని పేర్లు చూడండి. చిన్నప్పుడు సెలవుల్లో పెంచిన పెద్దమ్మ, మొదటిసారి బెంగళూరు బస్సు ఎక్కించి మెజెస్టిక్ బస్టాండులో దింపుకోవడానికి వాళ్ల ఫ్రెండ్‌ని పంపిన బాబాయ్, టెన్త్‌లో ఫీజు కట్టకపోయినా హాల్ టికెట్ ఇప్పించిన లెక్కల సార్. ఒక పేరు చివరి పేజీలో రాసుకుని అదే ఆదివారం ఫోన్ చెయ్యండి. పదకొండు లోపే చెయ్యండి, తర్వాత ఊళ్లో వంటల హడావిడి మొదలైతే సరిగ్గా మాట్లాడలేరు, నంబర్ మారిపోయి ఉంటే అమ్మని అడగండి, ఆమె దగ్గర అందరివీ ఉంటాయి.